పాతరూపపు కొత్తకార్లు

ఇంగ్లండు, అమెరికా దేశములలో కొందరు మోటారుకారును పూర్తిగా తయారైన దానిని కొనరు. ముక్కలుగా కొని, పెట్టెలలో ఇంటికి తెచ్చుకొని, తమ కొట్టములోనే నెలల తరబడి కూర్చుకొందురు. ఇట్టి దానికి కిట్‌కారు అని పేరు. వీనిలో 1930 ప్రాంతపు రూపము గలవానిపై అనేకులకు మోజు. అట్టి కారునకు పైతొడుగును, మీటర్ల పలకను ఎన్నుకొనుటలోని మంచిచెడ్డలను శ్రోతలకు విన్నవింతును.

ఈ వేడుకకు తొలుత పన్ను తోడ్పడినది. కాలిన్ చాప్‌మన్ గారి లోటస్ సంస్థ 1957లో సెవెన్ అను చిన్నకారును వెలువరించెను. అప్పుడు బ్రిటనులో పూర్తికారునకు కొనుగోలు పన్ను కలదు, ముక్కలకు లేదు. కూర్చు విధానమును తెలుపు పుస్తకమును ఇచ్చుట కూడదు గనుక, విప్పు విధానమును వ్రాసి యిచ్చిరనియు, కొన్నవారు దానిని కడనుండి మొదటికి చదువుకొనిరనియు ఒక ముచ్చట కలదు. 1973లో పన్ను మారి ఈ లాభము పోయినను కారు పోలేదు. ఆ యేటనే కేటర్‌హామ్ సంస్థ దాని హక్కులను గ్రహించెను.

సెవెన్ కారునకు ఉక్కుగొట్టముల చట్రము, దానిపై అల్యూమినియపు రేకు. రేకు తేలిక, కాని చిన్నదెబ్బకే సొట్టపడును. ఉక్కుతో రాచుకొను చోట తడి చేరినచో అల్యూమినియము పొడియై రాలును. కావున నడుమ రంగో, రబ్బరో ఉండవలెను. ఫైబర్‌గ్లాసు అచ్చులో పోతపోసినట్లు ఎట్టి వంపునకైనను లొంగును, త్రుప్పు పట్టదు. సొట్టపడుటకు మారుగా పగులును.

మడ్‌గార్డులు రెండు విధములు. ఒకటి సైకిలు మడ్‌గార్డువలె చక్రమును మాత్రమే కప్పి, దానితోనే తిరుగును. చూపునకు చురుకైనదే గాని, వానలో బురదనీరు తోలువాని మోచేతిపై పడును. రెండవది బానెట్ ప్రక్కనుండి వెనుకకు జారు వెడల్పైన రెక్క. ఇది బురదను బాగుగ ఆపును. అతివేగమున క్రిందిగాలి చేరి కారు ముందుభాగమును కొంత పైకెత్తును. పందెములకు పోనివారికి రెక్కయే మేలని నా తలంపు.

ఇక వేషము సంగతి. అమెరికాలో గజెల్ అను కిట్‌కారు అమ్ముడుపోయెను. దాని రూపము 1920ల చివరినాటి మెర్సిడెస్ ఎస్ ఎస్ కె కారుది. కాని వానిలో అనేకములకు అడుగున ఉన్నది ఫోక్స్‌వాగన్ బీటిల్. దాని ఇంజను వెనుక నుండును; గాలితో చల్లబడును. కావున ముందున్న ఠీవియైన రేడియేటరు వట్టి ముసుగు. బానెట్ ప్రక్కనుండి వెలువడు మెరుపుగొట్టములలో పొగ లేదు. పైన పటారము, లోన లొటారము! వింత యేమన, ఆ మహాకారునకును, ఈ బీటిల్‌కును రూపకర్త ఫెర్డినాండ్ పోర్షే గారే. కన్నులపండుగకై పెట్టిన బూటకపు గొట్టమును నేను నిందింపను. దానివలన ఎవరికిని హాని లేదు.

మీటర్ల పలక విషయమున అట్లు ఊరకుండజాలను. అచ్చట బూటకము ప్రాణములమీదికి వచ్చును.

పలకకు వాల్‌నట్ చెక్కపొర అతికించుట పెద్ద వేడుక. పైకప్పులేని కారున ఎండకు, వానకు వార్నిషు బీటలువారి పొర లేచును. నీటికి తాళు ప్లైవుడ్‌పై అతికించి, వెనుకవైపున, అంచులకు కూడ వార్నిషు పూయవలెను. చిన్నచిన్న వలయములుగా రుద్దిన అల్యూమినియపు పలక పందెపుకార్ల సొగసు. దాని మెరుపు ఎండలో కన్నులకు కొట్టును. నల్లని తోలుగుడ్డ చవుక, నెమ్మది.

చెక్కతో మఱియొక చిక్కు కలదు. ఇనుపపలకలో బిగించిన మీటరునకు ఆ పలకయే ఎర్త్. చెక్క విద్యుత్తును పారనీయదు. కాబట్టి ప్రతి మీటరునకును వేరుగా ఎర్త్ తీగ లాగవలెను. మరచినచో, దీపములు వెలిగించినంతనే పెట్రోలు ముల్లు కదలును! పాత అమ్మీటరులో కారు వాడు కరెంటు చాలవరకు ప్రవహించును. దాని మర వదులైనచో అచ్చట వేడి పుట్టి, నిప్పంటుకొనవచ్చును. దానికి బదులు వోల్టుమీటరు పెట్టుట నాకు సమ్మతము.

అన్నిటికన్న ముఖ్యము స్పీడోమీటరు. పాతకారునుండి తీసిన మీటరు ఆ కారు చక్రములకు సరిపడినది. పాతరూపముకొరకు పొడవైన ఆకుల చక్రములు వేసి, చుట్టుకొలత నూటికి పదివంతులు పెంచితిరనుకొనుడు. మీటరు 60 మైళ్లు చూపునప్పుడు కారు 66 మైళ్ల వేగమున పోవుచుండును. మలుపువద్ద ఆ ఆరుమైళ్లు చిన్నవి కావు. చక్రములు మార్చినవారు మీటరును తిరిగి సరిచేయింపవలెను.

బ్రిటనులో 1998 నుండి ఒకరూపమునను, 2009 నుండి మఱియొక రూపమునను ఇంట కూర్చిన కార్లకు పరీక్ష విధించిరి. శరీరమునకు తగులు అంచులు కనీసము 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున గుండ్రముగా నుండవలెనన్నది అందలి నియమములలో నొకటి. మోకాళ్లకెదురుగా బాణములవలె నిలుచు పాతకాలపు స్విచ్చులపై అనేకులు ఆశ వదలుకొనిరి.

చెక్క కోయుటకు ముందు దళసరి అట్టతో పలకను కత్తిరించి, మీటర్లకు బదులు కాగితపు వలయములు అతికించి, సీటులో కూర్చుండి స్టీరింగు పట్టుకొని చూడవలెను. నూనె ఒత్తిడిని తెలుపు మీటరు స్టీరింగు చాటున పడినచో, సౌష్ఠవము చెడినను సరే, దానిని ప్రక్కకు జరుపవలెను.