పరదేశమున నింగ్లీషు నేర్పు కొలువు



ఇంగ్లీషు చదివిన మన బిడ్డలు పరదేశమునకు బోయి, ఆ భాషనే యచటివారికి నేర్పి జీవింపగలరా యని పెద్దలు కొందఱు నన్నడుగుచున్నారు. ఈ వృత్తి క్రొత్తది కాదు. లెఫ్కాడియో హెర్న్ అను నాతడు 1890లో జపాను చేరి, మత్సుయే యను చిన్న పట్టణమున బాలుర కింగ్లీషు నేర్పెను. తండ్రి ఐర్లండువాడు, తల్లి గ్రీకు దేశస్థురాలు. ఆతడు సమురాయి వంశపు కన్యను బెండ్లాడి, 1896లో జపాను పౌరుడై, కొయిజుమి యకుమొ యని పేరు మార్చుకొనెను. 1903 వఱకు టోక్యో విశ్వవిద్యాలయమున సాహిత్యము బోధించెను. శిష్యులు వ్రాసికొనిన యాతని పాఠములే మరణానంతరము గ్రంథములైనవి. బోధకున కింతకంటె గౌరవ మేమి గలదు? పిమ్మట నా పాఠములు చెప్పిన నత్సుమె సోసెకి జపానీయుడే. లండనులో రెండేండ్లు చదివి వచ్చినవాడు.

ఇక నేటి మాట. జపాను ప్రభుత్వము 1987లో ‘జెట్’ అను నేర్పాటు చేసి, తొలియేట నాలుగు దేశములనుండి 848 మందిని రప్పించెను. వీరిలో బడులకు బోవువారు ప్రధానోపాధ్యాయులు కారు. జపానీ యుపాధ్యాయుని ప్రక్క నిలిచి ఉచ్చారణము, సంభాషణము నేర్పు సహాయకులు. ఒప్పందము ఏడాదికి, పొడిగించినను ఐదేండ్లకు మించదు. కనుక నిది జీవితాంతము నిలుచు కొలువని యెంచరాదు.

మనవారికి గల చిక్కు వేఱొకటి. పాఠశాలలలో పరభాష నేర్పవచ్చువాడు కనీసము 12 ఏండ్లు ఆ భాషలోనే విద్య నభ్యసించి యుండవలెనని జపాను నియమము. తెలుగు బడిలో చదివి, కళాశాలలో మాత్ర మింగ్లీషు నేర్చిన పిల్లవాడు, ఎంత చురుకైనవాడైనను, ఇచట నాగిపోవును. కొరియా యేడు దేశముల వారినే యింగ్లీషు బోధకులుగా నంగీకరించుచుండెను. 2010లో మన దేశముతో నమలులోనికి వచ్చిన యొడంబడికచే, పట్టముతోపాటు బోధనార్హతపత్రమున్న భారతీయులకును సహాయకులుగా బోవుటకు త్రోవ యేర్పడినది.

పుట్టుకతో వచ్చిన భాషనే నేర్పవలెనను తలంపు నాకు సరిపడదు. సంస్కృతము నాకు తల్లినుడి కాదు. అయినను శబ్దమంజరి మొదలుకొని యెందఱికో చెప్పితిని. కష్టపడి నేర్చినవానికి శిష్యుడెచట తడబడునో తెలియును. కాని నియమము వారిది. మన వాదమున కచట చెల్లుబడి లేదు.

మొన్న నొక రైతు మనుమని కొలువునకై మధ్యవర్తి కిచ్చుటకు అరయెకర మమ్మజూపెను. “బాబూ, వానికి ప్రభుత్వపు నమోదు గలదా?” యంటిని. 1983 నాటి వలస చట్టము ప్రకారము నమోదు లేనివాడు ఎవరినిగాని విదేశోద్యోగమునకు గొనిపోరాదు. నమోదున్నవాడును 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే రుసుముగా గొనవచ్చును. నమోదైనవారి పేర్లు విదేశాంగశాఖవారి ‘ఈ-మైగ్రేట్’ నందు చూడవచ్చును. సందర్శకుని వీసాతో బోయి యచట మార్చుకొందమనువానిని వాకిటనే నిలుపుడు. అట్లు పనిచేయుట యాయా దేశములలో నేరము, పట్టుబడిన వెనుకకు బంపుదురు.

పయనమునకు ముందే యొప్పందపు ప్రతి చేతికి రావలెను. జీతమెంత, వారమునకెన్ని గంటలు, ఇంటి యద్దె యెవరిది, తిరుగు ప్రయాణపు టికెట్టెవరిది, వ్యాధి వచ్చిన వైద్యమెవరిది యనునవి యందు వ్రాసియుండవలెను. పట్టముపై విదేశాంగశాఖవారి ‘అపోస్టిల్’ ముద్ర వేయించుకొనుటయు నావశ్యకము. మన దేశమందది 2005 నుండి చెల్లుచున్నది. దానికి ముందు రాష్ట్ర ప్రభుత్వపు ధ్రువీకరణము గావలెను గనుక కొంత గడువుంచుకొని ప్రారంభింపుడు.