ఊరి పేరు పెట్టుకున్న జట్టు, ఊరు పెంచిన జట్టు

2025 అక్టోబరులో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అంతకు మూడేళ్ల ముందు, 2022 మార్చి 20న ఇదే క్లబ్ గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తుకుంది. అంతటి జట్టు ఊరు ఖాళీ చేసి వెళ్తే కొద్దిమంది వీరాభిమానులు బాధపడ్డారేమో గానీ, రాష్ట్రానికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇటు చూస్తే స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో బిల్బావో అనే రేవు నగరం ఉంది. అక్కడి అథ్లెటిక్ క్లబ్ 1984 నుంచి 2024 దాకా, నలభై ఏళ్లు, ఒక్క పెద్ద కప్పూ గెలవలేదు. మధ్యలో స్పెయిన్ సూపర్ కప్పులు రెండు వచ్చాయంతే. అయినా ఆ క్లబ్ అక్కడి ఇళ్లలో తాత నుంచి మనవడికి దక్కే ఆస్తి లాంటిది. ఈ తేడాకు కారణం డబ్బు కాదు, గెలుపోటములు అంతకన్నా కావు. జట్టులో ఆడే పిల్లలు ఎక్కడ తయారవుతున్నారు, క్లబ్బుకు యజమాని ఎవరు అన్నదే అసలు లెక్క.

బిల్బావో కథ ఇనుప గనుల దగ్గర మొదలైంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడి ఇనుప ఖనిజం ఓడల్లో ఇంగ్లండుకు పోయేది, ఇంగ్లండు నుంచి గని పనివాళ్లు, ఓడ కార్మికులు బంతితో సహా దిగేవారు. చదువుకోసం ఇంగ్లండు వెళ్లొచ్చిన స్థానిక కుర్రాళ్లు కూడా ఆ ఆట పట్టుకొచ్చారు. 1898లో క్లబ్ పుట్టింది. 1912 నుంచి బాస్క్ ఆటగాళ్లు తప్ప మరొకరు వద్దన్న పద్ధతి స్థిరపడింది. రాసిపెట్టుకున్న చట్టం కాదది, పట్టింపు. ఆ పట్టింపుతోనే 1929లో మొదలైన స్పెయిన్ లీగులో ఎనిమిదిసార్లు ఛాంపియన్ అయింది. ఇంతవరకూ కింది శ్రేణికి పడిపోని జట్లు అక్కడ మూడే: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్. మొదటి రెండూ ప్రపంచంలో ఎవరినైనా కొనగలవు. మూడోది తన పెరట్లో మొలిచినవాళ్లతోనే నెట్టుకొస్తోంది. అందుకే ఊరి బయట లెసామాలో 1971లో శిక్షణ కేంద్రం పెట్టింది. పదేళ్ల పిల్లలు అక్కడ చేరి, వయసువారీ జట్లు ఒక్కొక్కటే దాటుకుంటూ పెద్ద జట్టు గుమ్మం దాకా వస్తారు. బయటి నుంచి కొనే వీలు లేనప్పుడు లోపల పెంచడం ఒక్కటే దారి. ఆ ఇరుకే క్లబ్బుకు క్రమశిక్షణ నేర్పింది. యాజమాన్యం మాటకొస్తే, 1990లో వచ్చిన క్రీడా చట్టం స్పెయిన్‌లో చాలా క్లబ్బులను కంపెనీలుగా మార్చేసింది. లెక్కలు సజావుగా ఉన్నందుకు మినహాయింపు పొందిన నాలుగింటిలో అథ్లెటిక్ ఒకటి. ఇప్పటికీ దాని అధ్యక్షుణ్ని సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. దాన్ని మరో ఊరికి తరలించుకుపోయే హక్కు ఏ వ్యాపారికీ లేదు.

'మా వాళ్లే ఆడాలి' అనడం సంకుచితం కాదా అని ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా. స్థానికత పేరుతో జరిగే రాజకీయాలు మనకు కొత్త కాదు. కానీ బిల్బావోలో ఆ పట్టింపు కాలంతో పాటు సాగుతూ వచ్చింది. ఇవాళ బాస్క్ నేల మీద పుట్టినా, అక్కడి క్లబ్బుల్లో ఆట నేర్చినా చాలు. నేటి జట్టులో అందరికన్నా పేరున్న ఇద్దరు అన్నదమ్ములు ఇన్యాకి విలియమ్స్, నికో విలియమ్స్. వాళ్ల తల్లిదండ్రులు ఘనా నుంచి సహారా ఎడారి దాటి, కొంత దూరం కాలినడకన, స్పెయిన్ చేరిన వలస జీవులు. 2024లో నలభై ఏళ్ల కరువు తీరి స్పెయిన్ రాజు కప్పు (కోపా దెల్ రే) గెలిచినప్పుడు, పాత ఆనవాయితీ ప్రకారం జట్టును గబర్రా అనే పడవలో ఎక్కించి నది మీద ఊరేగించారు. లక్షల జనం ఒడ్డున నిలబడ్డారు, ఆ పడవలో వీళ్లిద్దరూ ఉన్నారు. అయితే ఈ పద్ధతికి మచ్చ లేకపోలేదు. ఇరుగుపొరుగు క్లబ్బులు పెంచిన పిల్లల్ని అథ్లెటిక్ ఎగరేసుకుపోతుందన్న ఫిర్యాదు పాతదే, అందులో నిజమూ ఉంది. అదే ప్రాంతపు మరో క్లబ్ రియల్ సొసియెదాద్ ఈ నియమాన్ని 1989లో వదిలేసి, ఐర్లండ్ ఆటగాడు జాన్ ఆల్డ్రిడ్జ్‌ను తెచ్చుకుంది. అయినా ఊరు ఆ క్లబ్బును విడవలేదు, ఎందుకంటే తన పిల్లల్ని తయారుచేసుకోవడం అది మానలేదు. కాబట్టి గట్టిగా పట్టుకోవాల్సింది పుట్టుక నియమాన్ని కాదు, తయారీని.

ఇదంతా పరాయి దేశపు ముచ్చట, మనకెందుకు అనుకునేవాళ్లకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చరిత్రే జవాబు. అప్పట్లో ముంబైలో జరిగిన రోవర్స్ కప్పును ఈ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తి రీత్యా బడి పంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి పోలీసు జట్టుకు కోచ్. ఆయన పెట్టిన చిన్న చిన్న పోటీలు చూస్తే పంతులుగారి తెలివి తెలుస్తుంది. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ పరిగెత్తడం నిషేధం. అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు టోర్నమెంటు మొత్తం ఎడమకాలితో తంటాలు పడాల్సిందే. మొత్తం ఊరి కుర్రాళ్లను ఒకే ఆటతీరులోకి మలిచే పద్ధతి ఇది. లెసామా పుట్టకముందే మన గల్లీల్లో లెసామా నడిచిందన్నా తప్పులేదు. ఆ పంట దేశానికీ అందింది. రహీం కోచ్‌గా భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. మెల్‌బోర్న్ వెళ్లినవాళ్లలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం లాంటి మనవాళ్లు ఎందరో. దానికి ముందూ వెనకా ఈ నగరం నుంచి వచ్చినవాళ్లను ఏరితే మరో జట్టు తయారవుతుంది.

నా వాదనకు అసలైన ఎదురుదెబ్బ ఇక్కడే ఉంది. స్థానిక పిల్లలు, స్థానిక గురువు అన్నీ ఉన్న ఆ జట్టు ఇప్పుడేదీ? ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్రా పోలీస్ పేరుతో మరికొన్ని కప్పులు గెలిచి, ఆ తర్వాత మెల్లగా చల్లారిపోయింది. వేళ్లుంటే చెట్టు ఎందుకు ఎండింది? ఎందుకంటే ఆ జట్టును నిలబెట్టింది పోలీసు శాఖ ఇచ్చే కొలువు. పేదింటి కుర్రాడికి నెల జీతం, యూనిఫాం, పింఛను ఆరోజుల్లో చిన్న విషయం కాదు. కానీ కోల్‌కతా క్లబ్బులు అంతకన్నా ఎక్కువ డబ్బూ, అంతకు పదింతల జనాన్నీ చూపించాయి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1960లలో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ కూడా అదే దారి పట్టారు. ఆపడానికి ఇక్కడ క్లబ్ సభ్యులంటూ ఎవరూ లేరు. ఆ జట్టు శాఖ ఆస్తి, ఊరిది కాదు. కొత్త అధికారికి ఆట మీద మక్కువ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. రహీం 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాక ఆయన పద్ధతిని ముందుకు తీసుకుపోయే సంస్థ మిగల్లేదు. సిటీ పోలీస్‌కు తయారీ ఉంది, ఊరి యాజమాన్యం లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ నాటికి రెండూ లేకుండా పోయాయి.

ఆ క్లబ్ పుట్టిందే ఇంకో క్లబ్ ఖాళీ చేసిన కుర్చీలో. 2019లో పుణె సిటీ మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. కప్పు గెలిచిన జట్టులో గోల్‌కీపర్ కట్టిమని గోవా వాడు, ఆకాశ్ మిశ్రా ఉత్తరప్రదేశ్, ఆశిష్ రాయ్ సిక్కిం, చింగ్లెన్సనా మణిపూర్, ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే నైజీరియా, కోచ్ మనోలో మార్కెజ్ బార్సిలోనా. మంచి ఆటగాళ్లు, చూడముచ్చటగా ఆడారు, అందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఫైనల్లో దిగిన పదకొండుమందిలో ఒక్కరూ తెలుగు నేల మీద ఆట నేర్చినవారు కారు. పైగా కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది. అంటే ఛాంపియన్ అయిన ఏడాది ఆ జట్టు తన సొంత మైదానం గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ తర్వాత జీతాల బకాయిలు, ఫిఫా నిషేధాలు, యజమాని మార్పు, చివరికి ఊరు మార్పు. కరోనా రాకపోతే, డబ్బులు సరిగ్గా ఉంటే నిలబడేదని కొందరంటారు. కొన్నాళ్లు నిలబడేదేమో. కానీ డబ్బు అన్ని క్లబ్బులకూ ఏదో ఒకరోజు కొరతపడుతుంది. ఆరోజు క్లబ్ కోసం జేబు తడుముకునేవాళ్లు ఎందరున్నారన్నదే దాని ఆయుష్షు.

జేబు తడుముకోవడం అంటే మాటవరసకు అన్నది కాదు. బాస్క్ కొండల్లో ఐబార్ అని ఒక ఊరుంది. ఒకప్పుడు తుపాకులు, సైకిళ్లు, కుట్టుమిషన్లు చేసిన ఊరు, జనాభా సుమారు 27 వేలు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో ఏ ఒక్కటీ అంత చిన్నది కాదు. 2014లో ఐబార్ జట్టు పై శ్రేణికి అర్హత సాధించింది. అప్పులేమీ లేకున్నా మూలధనం చాలదని, సుమారు 17 లక్షల యూరోలు చూపకపోతే కిందికి దించేస్తామని నిబంధన అడ్డొచ్చింది. క్లబ్ ఏ కోటీశ్వరుడి గడపా తొక్కలేదు. చిన్న చిన్న వాటాలుగా అమ్మకానికి పెట్టింది, ఒక్కరి చేతిలో లక్ష యూరోలకు మించి వాటా ఉండకూడదని హద్దు గీసింది. పదివేల మందికి పైగా కొన్నారు. ఆ ఊరు ఏడు సీజన్లు రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలను తన బుల్లి మైదానానికి రప్పించుకుంది.

మన దగ్గర క్రికెట్ తప్ప ఇంకేదీ నడవదన్నది చివరి అభ్యంతరం. కపిల్ దేవ్ కప్పు ఎత్తకముందు జనం క్రికెట్‌ను ఇంతగా నెత్తిన పెట్టుకున్నారా? అభిరుచి ఆకాశం నుంచి ఊడిపడదు. దగ్గరుండి చూసే ఆటనే పిల్లలు పట్టుకుంటారు. బిల్బావోకు ఒకప్పుడు ఇనుప గనులున్నట్టే భూపాలపల్లికి బొగ్గు గనులున్నాయి, వాటిని నడిపే సింగరేణి కంపెనీకి వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది, కార్మికులకు పోటీలు పెడుతుంది. అయితే కంపెనీ చేతిలోని ఆటకు పోలీసు జట్టుకు పట్టిన గతే పట్టొచ్చు, కార్మిక కుటుంబాలు సభ్యులుగా ఉండి ఓటేసే క్లబ్ అయితే వేరు. పిల్లలకు కొరత లేదు. నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది, 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది.  సౌమ్య ఆ ఏడాది ఆడింది కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు, బలరాం 1957లో చేరిన క్లబ్బుకే. ఆ సీజన్ ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఎనిమిది జట్లు ఆడాయి. తెలంగాణది అందులో ఒక్కటీ లేదు.