టెలిఫోను తీగ మీద ఆఫీసుకు దారి

టెలిఫోను తీగ మీద మాటలు ప్రయాణిస్తాయని మీకు తెలుసు. మరి అదే తీగ మీద ఒక కంప్యూటరు వేరే ఊళ్ళో ఉన్న కంప్యూటరుతో మాట్లాడగలదా? ఇంటర్నెట్టు మధ్య పుట్టి పెరిగిన మీకు ఇదొక ప్రశ్నలా తోచకపోవచ్చు. కాని 1960ల నుంచి ఈ శతాబ్దపు మొదటి సంవత్సరాల దాకా, ఇంటి దగ్గర కూర్చున్న మనిషి తన ఆఫీసు కంప్యూటరును అందుకోవాలంటే సామాన్యంగా దొరికే దారి టెలిఫోను తీగ ఒక్కటే. ఆ దారి మనిషి గొంతు కోసం వేసినది, అంకెల కోసం కాదు. అందుచేత అంకెలు గొంతు వేషం కట్టి ఆ దారిన నడిచాయి. వేషం కట్టించే పెట్టె పేరే మోడెమ్.

దూరాన ఉన్న యంత్రం చేత తీగ ద్వారా లెక్కలు చేయించుకోవాలన్న ఆలోచన మోడెమ్ కంటే పాతది. 1940 సెప్టెంబరు 11న అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో గణితశాస్త్రజ్ఞుల సమావేశం జరిగింది. జార్జ్ స్టిబిట్జ్ అనే శాస్త్రవేత్త అక్కడొక టెలిప్రింటరు పెట్టి, న్యూయార్కులో ఉన్న తన గణనయంత్రానికి లెక్కలు పంపి, జవాబులు తెప్పించి చూపాడు. చూసినవారిలో నార్బర్ట్ వీనర్, జాన్ మాక్లీ వంటి వారున్నారు. అయితే టెలిప్రింటరు తీగలు అందరి ఇళ్ళకూ ఉండవు. ఇళ్ళకు వచ్చేది టెలిఫోను తీగ. అసలు చిక్కు అక్కడే ఉంది.

కంప్యూటరు లోపల ఉండేవి 0, 1 అనే రెండే అంకెలు. ఒక్కో అంకెను బిట్టు అంటారు. వోల్టేజి ఉంటే 1, లేకపోతే 0 అనుకోండి. ఈ వోల్టేజిని నేరుగా టెలిఫోను తీగకు ఎక్కిస్తే సరిపోదా? సరిపోదు. టెలిఫోను ఏర్పాటు మొత్తం సెకనుకు సుమారు 300 నుంచి 3,400 కంపనాల వరకు ఉన్న ధ్వనులను మాత్రమే అవతలికి పోనిస్తుంది. మాట అర్థం కావడానికి అంత చాలు. టెలిఫోనులో పేరు చెబుతున్నప్పుడు 'స' అన్నామో 'ఫ' అన్నామో అవతలివారు తికమక పడడం మీరెప్పుడైనా గమనించారా? ఆ రెండు అక్షరాలకూ తేడా చూపే కంపనాలు చాలావరకు 3,400కు పైన ఉంటాయి. అవి దారిలోనే ఆగిపోతాయి. ఇక కదలకుండా నిలిచి ఉన్న వోల్టేజికి పౌనఃపున్యం సున్న. 300 కంటే తక్కువది కనుక దానికసలు ప్రవేశమే లేదు.

అందుకని ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. 1కి ఒక స్వరం, 0కి ఒక స్వరం పెట్టారు. 1962లో అమెరికన్ టెలిఫోను కంపెనీ ఏటీ అండ్ టీ తెచ్చిన 'బెల్ 103' మోడెమ్‌లో ఫోను చేసినవారి వైపు 1కి 1,270 హెర్ట్జ్, 0కి 1,070 హెర్ట్జ్. ఫోను ఎత్తినవారి వైపు 1కి 2,225, 0కి 2,025. ఒకరు బొంగురు గొంతుతో, మరొకరు కీచు గొంతుతో ఒకేసారి మాట్లాడినా ఎవరి మాట ఏదో చెవికి తెలుస్తుంది కదా! ఇదీ అంతే. స్వరాన్ని అంకెకు తగినట్లు మార్చడాన్ని మాడ్యులేషన్ అంటారు. అవతల ఆ స్వరం విని తిరిగి అంకెను రాబట్టడం డీమాడ్యులేషన్. రెండు మాటల మొదళ్ళు కలిపితే మోడెమ్ అయింది.

ఆ రోజుల్లో ఇంకో చిక్కు కూడా ఉండేది. అమెరికాలో టెలిఫోను కంపెనీ తన తీగకు ఇతరుల పరికరాలు తగిలించనిచ్చేది కాదు. అప్పుడేం చేశారంటే, రెండు రబ్బరు గిన్నెలున్న పెట్టె తయారుచేసి టెలిఫోను చేతిపిడిని వాటిలో బోర్లించారు. ఒక గిన్నెలోని స్పీకరు పాడుతుంది, రెండో గిన్నెలోని మైకు వింటుంది. తీగను ఎవరూ ముట్టుకోలేదు! 1968లో అక్కడి ప్రభుత్వ సంఘం ఇచ్చిన తీర్పుతో ఈ నిషేధం సడలింది.

బెల్ 103 వేగం సెకనుకు 300 బిట్లు. అంటే ఒక్కో బిట్టుకు కొద్ది కంపనాలే దక్కుతాయి. ఒక అక్షరానికి 8 బిట్లు, ముందొక 'మొదలు' గుర్తు, వెనకొక 'ముగింపు' గుర్తు, మొత్తం 10 బిట్లు. కనుక సెకనుకు 30 అక్షరాలు. 2,000 అక్షరాలున్న పేజీకి నిమిషం పైన పడుతుంది. చదువుకోవడానికి ఫరవాలేదు. పని చేసుకోవడానికి మాత్రం ఓర్పు కావాలి.

మరి వేగం పెంచడం ఎలా? స్వరాన్ని ఇంకా త్వరత్వరగా మారుద్దామంటే తీగ ఒప్పుకోదు. దాని వెడల్పు 3,100 హెర్ట్జే. మన గుణింతం ఇక్కడ దారి చూపుతుంది. క, కా అని రెండే గుర్తులుంటే ఒక్కో గుర్తు ఒక్క బిట్టునే మోస్తుంది. క నుంచి కః దాకా గుణింతమంతా వాడుకోండి. కృ, కౄలతో కలిపి పదహారు గుర్తులు. పదహారంటే రెండును నాలుగుసార్లు హెచ్చవేసినది. కనుక ఇప్పుడు ఒక్కో గుర్తు నాలుగు బిట్లను మోస్తుంది. పలికే వేగం పెరగలేదు, మోసే బరువు నాలుగింతలైంది. మోడెమ్‌లు చేసింది సరిగ్గా ఇదే. స్వరం బలాన్నీ, కంపనం ఎక్కడ మొదలవుతుందో చెప్పే దశనూ కలిపి మార్చి పదహారు రకాల గుర్తులు సృష్టించాయి. సెకనుకు 600 గుర్తులు పంపి 2,400 బిట్లు సాధించాయి. తరువాత 2,400 గుర్తులతో 9,600 బిట్లు.

అయితే గుర్తులను అలా పెంచుకుంటూ పోలేమా? సంత మధ్యలో నిలబడి 'కి' అంటే అవతలివాడికి 'కీ' అని వినిపించవచ్చు. గుర్తులు ఎక్కువైన కొద్దీ వాటి మధ్య తేడా చిన్నదవుతుంది, తీగలోని రొద దాన్ని మింగేస్తుంది. రొదకూ వేగానికీ ఉన్న ఈ సంబంధానికి 1948లోనే క్లాడ్ షానన్ సూత్రం చెప్పాడు. 3,100 హెర్ట్జ్ వెడల్పు ఉండి, రొద కంటే సంకేతం శక్తి 1,000 రెట్లున్న తీగ మీద ఆ హద్దు సెకనుకు సుమారు 31,000 బిట్లు. రొద ఇంకా తక్కువైతే హద్దు కొద్దిగా జరుగుతుంది. 1994లో వచ్చిన మోడెమ్‌లు 28,800 బిట్లనూ, 1996లోవి 33,600 బిట్లనూ అందుకున్నాయి. కాగితం మీద వేసిన లెక్కకు యంత్రం ఇంత దగ్గరగా రావడం ఇంజనీరింగులో అరుదు. నన్నడిగితే మోడెమ్ కథలో అన్నిటికంటే అందమైన ఘట్టం ఇదే. 1998లో 56,000 వచ్చిందంటే సూత్రం తప్పి కాదు. అప్పటికి ఎక్స్‌ఛేంజీలు గొంతును కూడా అంకెలుగానే మోస్తున్నాయి. ఆఫీసు వైపు అంకెల తీగే పెట్టుకుంటే, అటునుంచి ఇంటికి వచ్చే దారిలో రొద తగ్గుతుంది. ఇంటి నుంచి ఆఫీసుకు పోయే వైపు మాత్రం పాత హద్దే మిగిలింది.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టును ప్రజలకు తెరిచాక, ఇళ్ళలో ఆ వింత రొద వినిపించసాగింది. గరగర, కూత, మళ్ళీ గరగర. హైదరాబాదులో మా బావగారు దాని ద్వారానే ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవారు. పక్కగదిలో ఎవరైనా రెండో ఫోను ఎత్తారా, పని గోవిందా! ఆ రొదకు అర్థముంది. మొదట ఆఫీసు మోడెమ్ 2,100 హెర్ట్జ్ కూత వేస్తుంది. దూరపు తీగల మీద ప్రతిధ్వనిని అణిచే పరికరాలుంటాయి. 'మీరు కాసేపు తప్పుకోండి' అని వాటికి చెప్పడమే ఆ కూత పని. తరువాత రెండు మోడెమ్‌లూ రకరకాల స్వరాలు పంపి తీగను కొలుస్తాయి, ఎంత వేగం నిలుస్తుందో చూసి ఒప్పందానికి వస్తాయి. ఆపైన స్పీకరు ఆగిపోతుంది. మరి మొదట్లో మనకెందుకు వినిపించాలి? అవతల ఎంగేజి కూత వచ్చినా, నంబరు తప్పి ఎవరో పెద్దమనిషి 'హలో' అన్నా మనకు తెలియాలి కదా!

తీగ కలిసింది. ఇప్పుడు ఆఫీసులోని ద్వారపాలక కంప్యూటరు మీ కంప్యూటరుకు ఒక చిరునామా ఇస్తుంది. ఇక మీ బల్ల ఆఫీసులో ఉన్నట్లే. అయితే నంబరు తెలిసినవాడెవడైనా ఆ తలుపు తట్టగలడు. 1983 నాటి 'వార్ గేమ్స్' సినిమాలో ఒక కుర్రవాడు నంబర్లన్నీ వరసగా డయల్ చేసి కంప్యూటర్లను వెదుకుతాడు. నిజంగానూ అలా వెదికినవాళ్ళున్నారు. అందుకని కొన్ని ఆఫీసులు ఒక పద్ధతి పెట్టాయి. మీరు ఫోను చేసి పేరు చెప్పగానే తీగ తెంపేసి, మీ ఇంటిదని ముందే రాసిపెట్టుకున్న నంబరుకు అవే తిరిగి ఫోను చేస్తాయి. బిల్లు కూడా ఆఫీసు మీదే పడుతుంది. ఇంకో పద్ధతిలో రహస్యపదం తీగ మీదికి రానే రాదు. ద్వారపాలకుడు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య ఇస్తాడు. మీ కంప్యూటరు దాన్ని రహస్యపదంతో కలిపి, వెనక్కు విప్పడానికి వీలుగాని ఒక సూత్రంలో వేసి, జవాబు మాత్రం పంపుతుంది. అతడూ అదే లెక్క చేసి సరిచూస్తాడు. దారిలో దొంగచాటుగా విన్నవాడికి ఆ జవాబు రేపు పనికిరాదు, రేపటి సంఖ్య వేరు.

లోపలికి వచ్చాక కూడా వేగం సంగతి మరిచిపోకూడదు. 1990లలో ఆఫీసు లోపలి తీగ సెకనుకు కోటి బిట్లు మోసేది. మీ తీగ 33,600 బిట్లది. దాదాపు 300 రెట్ల తేడా! 20 లక్షల బైట్ల ప్రోగ్రాము ఆఫీసులో రెండు సెకన్లలోపు తెరుచుకుంటే, ఇంట్లో దాన్ని లాక్కోవడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. తెలిసినవారు ప్రోగ్రామును ఆఫీసు కంప్యూటరులోనే నడవనిచ్చి, మీటలు నొక్కిన అక్షరాలను అటు పంపి, తెర మీది అక్షరాలను మాత్రం ఇటు తెప్పించుకునేవారు. 1940లో స్టిబిట్జ్ చేసింది కూడా ఇదే కదా!

అమెరికాలో ఏఓఎల్ సంస్థ టెలిఫోను డయల్ సేవను 2025 సెప్టెంబరు 30న ఆపివేసింది. మాడ్యులేషన్ మాత్రం ఆగలేదు. మీ ఇంట్లోని 4జి ఫోను రేడియో తరంగాల మీద 256 గుర్తుల దాకా వాడుకుంటుంది. ఒక్కో గుర్తు ఎన్ని బిట్లు మోస్తుందో మీరే లెక్కగట్టండి.

మీ తరగతిలో ఒక పిల్లనగ్రోవి ఉంటే మోడెమ్‌ను మీరే కావచ్చు. హెచ్చు స్వరం 1, తగ్గు స్వరం 0. ఇంగ్లీషు పెద్దబడి 'ఎ'కు కంప్యూటరు సంఖ్య 65, అంటే 1000001. బిట్లను చివరి నుంచి పంపడం మోడెమ్ అలవాటు. ఈ అక్షరం ఎటునుంచి చదివినా ఒకటే కనుక పేచీ లేదు. ముందు మొదలు గుర్తుగా 0, తరువాత ఈ ఏడు, ఎనిమిదోదిగా 0, చివర ముగింపు గుర్తుగా 1. సెకనుకొక స్వరం చొప్పున వాయించండి. గోడవైపు తిరిగి నిలబడ్డ మిత్రుడు విని రాసుకోవాలి. అతడు తప్పకుండా రాస్తుంటే సెకనుకు రెండు చొప్పున వాయించండి. తరువాత మిగిలిన తరగతినంతా ఒక్కసారి గోల చేయమనండి.