కుక్కకూనలలో పుట్టు లోపములు – గుర్తించుట, సరిదిద్దుట

పశువుల కొట్టము వద్దను, గొర్రెల మంద వద్దను కాపలాకు మనము కుక్కను పెంచుదుము. గేదె ఈనినప్పుడు దూడను పదిసార్లు చూచు మనము, కుక్క ఈనిన మూలకు తొంగియైన చూడము. కూనలలో ఒకటి నడవలేకున్నచో ‘అది పుట్టు అవిటిది’ అని పారవేయువారున్నారు. అట్టి కూనలలో కొన్నిటికి ఉండునది మూరెడు గుడ్డపేలికతో నయమగు లోపము మాత్రమే.

ముందుగా మంచి కూన ఎట్లుండునో తెలియవలెను. అది పుట్టిన కొద్దిసేపటికే తల్లి చన్ను వెదకికొని త్రాగి నిద్రపోవును. 10 నుండి 14 రోజులలో కండ్లు తెరచును. రెండు వారములు దాటగానే తడబడుచు లేచి, మూడు వారములకు నడచును. పుట్టినప్పటి బరువు 10 రోజులకు ఇంచుమించు రెట్టింపగును. కావున ప్రతిదినము కూనలను తూచవలెను. బరువు పెరుగకున్నను, కూన ఆగక మూలుగుచున్నను అనుమానింపవలెను.

పుట్టిననాడే ప్రతి కూన నోరు తెరచి అంగిలి చూడుడు. అంగిలి చీలియున్నచో త్రాగిన పాలు ముక్కునుండి కారును. కొంత ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా కలిగించును. ఇట్టిదానికి గొట్టము ద్వారా పాలు పట్టు పద్ధతిని పశువైద్యుని వద్ద నేర్చుకొనవలెను. కొన్ని నెలలు పెరిగిన పిదప శస్త్రచికిత్స చేయించవచ్చును. తోక ఎత్తి మలద్వారము కూడ చూడుడు. అది లేనిచో ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

చల్లబడిన కూన కూడ లోపముగలదానివలె మెదలక పడియుండును. మొదటి వారములో దానికి వణకి వేడి పుట్టించుకొను శక్తి లేదు. జాలిపడి పాలు పోయరాదు. ఆ స్థితిలో పేగులు సరిగా పనిచేయవు. మీ ఒంటి వేడితో మెల్లగా కాచి, అది కదలి మూతితో వెదకుట మొదలిడిన పిదపనే తల్లి వద్ద విడువవలెను.

ఇక తాబేలు వలె పాకు కూన సంగతి. మొదటి రెండు వారములు ఇది బాగుగనే కనిపించును. తోడికూనలు లేచి నిలుచు వేళకు ఇది మాత్రము పొట్ట నేలకానించి, కాళ్ళు ఇరుప్రక్కలకు బారజాపి, ఈదుచున్నట్లు కదలును. రొమ్ము బల్లపరుపుగా అణగియుండును. త్వరగా బరువెక్కిన కూనలలోను, నున్నని నేలపై పెరిగినవానిలోను ఇది అగపడుట కద్దు. సిమెంటు గచ్చు గాని, దానిపై పరచిన ప్లాస్టిక్ సంచి గాని కాలికి పట్టు ఇయ్యవు.

మొట్టమొదట గోనెపట్టా పరువవలెను. మెత్తని గుడ్డపేలికను వెనుక కాళ్ళ రెంటికి, పాదమునకు మడమకీలుకు నడుమ, 8 అంకె ఆకారమున చుట్టి, కాళ్ళ మధ్య తుంటి వెడల్పు మాత్రమే ఉండునట్లు కట్టవలెను. బిగువు కూడదు, పాదము వాచినను చల్లబడినను వెంటనే విప్పవలెను. రోజూ విప్పి చర్మము చూచి మరల కట్టుడు. దినమునకు నాలుగైదు పర్యాయములు పొట్టక్రింద చేయి ఉంచి నిలబెట్టి, కాళ్ళను మెల్లగా ముందువెనుకలకు ఆడించుడు. నిద్రించునప్పుడు ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. ఓపిక కావలసిన పనియే గాని ఖర్చు లేదు. మూడవ నాలుగవ వారములలో మొదలిడినచో పెక్కు కూనలు కొద్ది వారములలో నడచును. ఆలస్యమైన కొలది కీళ్ళు బిగియును. మొదటి కట్టు పశువైద్యునిచే వేయించి చూచుకొనుట మేలు. ఊపిరి కష్టముగా తీయుచున్నచో తప్పక చూపించవలెను.

అంగిలి చీలిన కూనలను ఈనిన కుక్కను మరల ఈతకు ఉంచరాదు. చూలుకుక్కకు పశువైద్యుని అడుగక ఏ మందును వేయరాదు. స్టీరాయిడ్ మందులు, మోతాదు మించిన విటమిన్ ఏ కడుపులోని కూనలకు ఇట్టి లోపములు తేగలవు.