ఉమ్మడి పని, కనపడని శ్రమ: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎంతమంది చెయ్యి వేస్తే అంత బలం

ఒక మనిషి లాగగలిగిన బరువును ఎనిమిదితో హెచ్చవేస్తే ఎనిమిది మంది బలం రాదు. ఫ్రాన్సుకు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ 1880ల్లోనే తాడు లాగించి ఈ సంగతి కొలిచి చూశాడు. ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒంటరిగా లాగినప్పటి బలం నూరు పాళ్లనుకుంటే, ఇద్దరు కలిసినప్పుడు తలా 93 పాళ్లు పడ్డాయి. నలుగురైతే 77, ఎనిమిది మందైతే 49. అంటే ఎనిమిది మంది కలిసి లాగింది నలుగురి పాటి బలమే.

ఈ నష్టానికి మొదటి కారణం అందరూ ఒకే క్షణంలో బలం పెట్టలేకపోవడం. ఆంధ్ర తీరంలో ఒడ్డున నిలబడి అలివి వల లాగే మత్స్యకారులకు ఇది పాత సంగతే. వలకున్న రెండు తాళ్లనూ రెండు గుంపులు పట్టుకొని లాగేటప్పుడు వినిపించే "హైలెస్సా" ఉత్త కేక కాదు. అందరి నడుములూ ఒకేసారి వంగి, అందరి చేతులూ ఒకేసారి బిగిసే క్షణాన్ని అది చెబుతుంది.

అయితే లయ కుదిరినా కొంత నష్టం మిగులుతుంది. 1974లో అమెరికాలో అలన్ ఇంఘమ్ బృందం మనుషుల కళ్లకు గంతలు కట్టి, వెనక మరికొందరు లాగుతున్నారని నమ్మించింది. నిజానికి వెనక ఎవరూ లాగడం లేదు, కాబట్టి లయ తప్పే మాటే లేదు. అయినా వాళ్లు ఒంటరిగా లాగినప్పటికంటే తక్కువ బలమే పెట్టారు. 1979లో బిబ్ లటానే, కిప్లింగ్ విలియమ్స్, స్టీఫెన్ హార్కిన్స్ ఇదే పరీక్షను కేకలతో చేశారు. తమతో కలిపి ఆరుగురు అరుస్తున్నారని నమ్మినప్పుడు మనుషులు ఒంటరిగా చేసిన శబ్దంలో 74 శాతమే చేశారు.

అపోహ: గుంపులో తగ్గేది సోమరిపోతులే

పై పరీక్షల్లో పాల్గొన్నది మామూలు విద్యార్థులు. తాము తగ్గామని వాళ్లకే తెలియదు. 1981లో లటానే, విలియమ్స్, హార్కిన్స్ కేకల పరీక్షలో చిన్న మార్పు చేశారు: ఎవరి కేక ఎంతో విడివిడిగా తెలుస్తుందని ముందే చెప్పారు. దాంతో ఆ తగ్గుదల పోయింది. గుణం మారలేదు, మనుషులు మారలేదు. ఎవరి శ్రమ ఎంతో కనబడే ఏర్పాటు వచ్చింది, అంతే.

రేపల్లె, బాపట్ల మాగాణుల్లో వరి ఊడ్పులకు వచ్చే ఆడవాళ్ల ముఠాల పద్ధతి ఇక్కడ గమనించదగ్గది. వరసగా నిలబడి, ఎవరి మునుం వాళ్లు పట్టుకొని, వెనక్కి అడుగు వేస్తూ నాటుకుంటూ పోతారు. ఎవరైనా వెనకబడితే ఆ మునుం దగ్గర వరస వంకర పోతుంది. మేస్త్రి గట్టు మీద నిలబడి అరవనక్కరలేదు, పక్క మునుంలో ఉన్న మనిషికి తెలిసిపోతుంది. ఆ మనిషే రెండు కుదుళ్లు అందుకొని సాయం చేయడమూ మామూలే. గుత్తకు ఒప్పుకున్న పొలమైతే త్వరగా ముగిస్తే అందరికీ లాభం. ఒకరి శ్రమ మరొకరికి కనబడటం, ఫలితం అందరికీ చెందడం రెండూ ఇందులో కలిశాయి. వెదసాగు పెరుగుతున్న కొద్దీ ఈ ముఠాలకు పని తగ్గిపోతోంది. ఆధునిక కార్యాలయాల్లో ఎంతో ఖర్చుపెట్టి నేర్పించే టీమ్‌వర్క్ పాఠాల్లో సగం ఈ వరసలోనే ఉన్నాయని గుర్తించకుండానే వీటిని పోగొట్టుకోవడం బాధాకరం.

నిజాంపట్నం వంటి రేవుల్లో పడవ మీద వాటా పద్ధతిదీ ఇదే దారి. ఖర్చులు పోను మిగిలినది యజమాని, సరంగు, కళాసీలు వాటాలుగా పంచుకునే చోట వేట బాగుంటే అందరి చేతికీ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. సముద్రం ఇవ్వని రోజు నష్టం కూడా అందరి మీదా పడుతుందన్నది ఆ పద్ధతిలోని బరువు.

గుంపులో శ్రమ తగ్గడం అన్ని చోట్లా ఒకే మోతాదులో ఉండదు. స్టీవెన్ కరౌ, కిప్లింగ్ విలియమ్స్ 1993లో 78 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పనికి అర్థం ఉందనుకున్న చోట, తోటివారు తెలిసినవారైన చోట అది తగ్గినట్టు తేలింది. తూర్పు ఆసియా దేశాల్లోనూ, ఆడవాళ్లలోనూ కూడా తక్కువగానే కనబడింది.

అపోహ: పైనుంచి అదిలించేవాడు లేకపోతే ఊరివాళ్లు కలిసి పనిచేయరు

ఈ అపోహకు గట్టి జవాబు ఆంధ్రప్రదేశ్ నుంచే దొరికింది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు ప్రాంతంలో కాలువ కింది గ్రామాలను చూసి 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం తెచ్చాడు. కొన్ని ఊళ్లు ప్రభుత్వం చెప్పకుండానే తమంతట తాము ఊరుమ్మడి నిధి పెట్టుకున్నాయి. పొలాలకు నీరు పారించే మనుషులను, పంటకు కాపలాదారులను ఆ నిధితోనే కుదుర్చుకున్నాయి. కోతల తర్వాత పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కును వేలం వేసి ఆ నిధికి డబ్బు సమకూర్చుకున్న ఊళ్లున్నాయి. పక్కనే ఉన్న మరికొన్ని ఊళ్లలో ఇలాంటిదేమీ లేదు.

తేడా ఎక్కడుంది? మనుషుల మంచితనంలో కాదు, కులాల కూర్పులోనూ కాదు. నీరు ఇబ్బంది లేకుండా అందే ఎగువ గ్రామాలకు కలవాల్సిన అవసరం రాలేదు. నీరు చాలక పంటలు ఎండే, తగవులు పెరిగే శివారు గ్రామాల్లో కలిస్తేనే బతుకు. అక్కడే కట్టుబాట్లు పుట్టాయి. కృష్ణా పశ్చిమ డెల్టాలోనూ తెనాలి ఊరి నడుమ నుంచి సాగే కాలువలు దిగువకు వచ్చేసరికి రేపల్లె, నిజాంపట్నం వైపు భూములు శివారువే. 1997లో రాష్ట్రం చట్టం చేసి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఒక్కసారిగా ఏర్పరచింది. వేడ్ చూసిన ఊళ్లలో అవసరంలోంచి నెమ్మదిగా పుట్టిన కట్టుబాటుకూ, కాగితం మీద ఒకే రోజున పుట్టిన సంఘానికీ తేడా ఉంటుంది. సంఘం పేరు పెట్టినంత మాత్రాన పై రైతు తూము దించడు. ఎవరు ఎంత నీరు తీసుకున్నారో అందరికీ తెలిసే వీలు ఉండాలి, కట్టు తప్పినవారిని నిలదీసే పెద్దమనుషులు ఉండాలి.

అపోహ: వాటా దగ్గర తగవు వచ్చిందంటే ఎవరో అబద్ధమాడుతున్నట్టే

కెనడాలో మైఖేల్ రాస్, ఫియోర్ సికోలీ 1979లో భార్యాభర్తలను విడివిడిగా ఒక ప్రశ్న అడిగారు: ఇంటి పనుల్లో మీ పాలు ఎంత? చాలా జంటల్లో ఇద్దరి జవాబులూ కలిపితే నూటికి మించిపోయింది. ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. తాను చేసిన ప్రతి పనీ తనకు గుర్తుంటుంది, పక్కవారు చేసిన దానిలో సగం కంటికే పడదు. అన్నదమ్ముల పంపకాల్లో, వ్యాపార భాగస్వాముల లెక్కల్లో, ఆఫీసులో ఒక ఫైలు మీద పనిచేసిన ముగ్గురి మధ్యా జరిగేది ఇదే. మునుం వరసలో ఈ తగవు అరుదు, ఎందుకంటే అక్కడ పక్కవారి పని కంటి ముందే ఉంటుంది.

అపోహ: నలుగురూ కూర్చుంటేనే కొత్త ఆలోచనలు పుడతాయి

ప్రకటనల వ్యాపారి అలెక్స్ ఆస్బోర్న్ 1950ల్లో 'బ్రెయిన్‌స్టార్మింగ్'ను ప్రచారం చేశాడు. గుంపులో మనిషికి రెట్టింపు ఆలోచనలు వస్తాయన్నాడు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే తలకిందులైంది. విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలను కలిపితే, ఒకే చోట కూర్చున్న నలుగురి జాబితాకు దాదాపు రెట్టింపు అయింది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి, ఆగినప్పుడు తమ ఆలోచన మరిచిపోతారు. ముందు ఎవరికి వారు రాసుకొని తర్వాత కూర్చోవడం మేలు.

అపోహ: కన్ను ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది

పక్కవారి పని కంటి ముందుంటే తగవు అరుదన్నాం, కానీ కన్ను కూడా ఉన్నదంతా చూపించదు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలకు పెట్టింది పేరు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆయన రంగం మీదికి వస్తే, చూసేవారికి మగవాడన్న ఎరుక ఉన్నా సత్యభామే కనబడేది. ఇందులో చీరకట్టు పాలు కొంతే. కదలికలోని సమాచారాన్ని కన్ను, మెదడు ఎంత త్వరగా అందుకుంటాయో స్వీడన్‌లో గున్నార్ యోహాన్సన్ 1973లో చూపించాడు. మనిషి కీళ్ల దగ్గర చిన్న దీపాలు పెట్టి చీకట్లో చిత్రం తీశాడు. కదలనప్పుడు అవి అర్థం లేని చుక్కలు. ఒక్క అడుగు పడగానే మనిషి నడుస్తున్నాడని తెలిసిపోతుంది. ఆ చుక్కల నడకను బట్టి ఆడ, మగ తేడాను కూడా జనం ఊహకంటే మెరుగ్గా పట్టుకోగలరని 1977లో లిన్ కొజ్లోవ్‌స్కీ, జేమ్స్ కటింగ్ చూపించారు. స్థానం వారు నడకను, నిలబడే తీరును అంతగా సాధన చేయడం వెనక ఉన్న కళాజ్ఞానం ప్రయోగశాలకంటే ముందుది.

కన్ను కొంత చేర్చినట్టే కొంత వదిలేస్తుంది. 2013లో అమెరికాలో ట్రాఫ్టన్ డ్రూ బృందం 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల స్కాన్లు ఇచ్చి గడ్డలు వెతకమంది. వాటిలో ఒక గొరిల్లా బొమ్మను కలిపింది. అది మామూలు గడ్డకంటే 48 రెట్లు పెద్దది. 20 మంది దాన్ని గమనించలేదు. వాళ్లు చేతకానివారు కారు, వెతుకుతున్నది గడ్డలను. నిపుణుడు పొరపాటు చేశాడని ఉద్యోగం తీసేయడానికి ముందు ఈ ఫలితాన్ని తలుచుకోవడం న్యాయం.

సూర్యలంక ఒడ్డున పున్నమి సాయంత్రం పళ్లెమంత చంద్రుడిని చూసినవారు, గాలి పొరలు భూతద్దంలా పెద్దది చేస్తాయనుకుంటారు. అది నిజం కాదు. గాలి పొర నిలువునా కాస్త నొక్కుతుందే కానీ పెంచదు. పైగా ఉదయించేటప్పుడు చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పటికంటే చూసేవారికి భూవ్యాసార్ధమంత, అంటే దాదాపు 6,400 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాడు. ఫోటో తీసి కొలిస్తే రెండు చోట్లా దాదాపు అర డిగ్రీయే. పెద్దగా కనబడటం మెదడు చేసే పని. అది ఎలా చేస్తుందన్న దాని మీద పరిశోధకుల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు.

అపోహ: ఎవరో గమనిస్తున్నారంటే చాలు, పని పెరుగుతుంది

మేనేజ్‌మెంట్ పాఠాల్లో 'హాథోర్న్ ప్రభావం' తప్పకుండా వస్తుంది. చికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాథోర్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 దాకా ప్రయోగాలు జరిగాయి. దీపాల వెలుగు పెంచినా తగ్గించినా పని పెరిగిందనీ, కారణం పరిశోధకులు పట్టించుకోవడమేననీ కథ. స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ పాత వెలుగు లెక్కలను వెతికి తీసి 2011లో మళ్లీ పరిశీలించారు. దీపాల మార్పు సాధారణంగా ఆదివారం జరిగేది. సోమవారం పని ఎక్కువ కావడం మార్పు లేని వారాల్లోనూ ఉంది. మరో గదిలో టెలిఫోన్ రిలేలు బిగించిన అమ్మాయిల్లో ఇద్దరిని 1928లో తీసేసి, వేరే ఇద్దరిని పెట్టారన్న సంగతి ఆ కథలో చాలాసార్లు రాదు.

దీపాలు నిజంగా పని పెంచిన చోటు ఒకటుంది. బెంగళూరు దుస్తుల కర్మాగారాల్లో పాత బల్బుల బదులు ఎల్ఈడీలు పెడితే వేడి తగ్గి, ఎండ ముదిరిన రోజుల్లో పని మెరుగైందని అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ న్యాషధమ్ చూపించారు. కోస్తా ఎండలో బియ్యం మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసేవారి విషయంలో వేడి తగ్గించడమే మొదటి మెట్టు.

అపోహ: ఒత్తిడి పెద్ద కుర్చీలవారిదే

లండన్ ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం 1978లో చెప్పింది విని చాలామంది ఆశ్చర్యపోయారు. అట్టడుగు ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు పై అధికారులకంటే 3.6 రెట్లు. పొగతాగడం, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. 1985లో 10,308 మందితో మొదలైన రెండో అధ్యయనంలో మైఖేల్ మార్మట్ బృందం మరో కారణం చూపించింది: తన పని మీద తనకు పట్టు లేకపోవడం. ఏది ముందు చేయాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే అధికారం లేనివారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. కౌంటర్ ముందు వరస తరగని బ్యాంకు గుమాస్తా ఈ లెక్కలోకి వస్తాడు, మేనేజరుకంటే ముందుగా.

అపోహ: యోగా తరగతి, ధ్యానం యాప్ ఇస్తే ఉద్యోగుల మనసు కుదుటపడుతుంది

బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల సమాధానాలను విలియం ఫ్లెమింగ్ 2024లో పరిశీలించాడు. ధ్యానం, ఒత్తిడి తట్టుకునే శిక్షణ, యాప్‌ల వంటి వాటిలో పాల్గొన్నవారికీ, పాల్గొననివారికీ మనసు స్థితిలో తేడా కనబడలేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సుమారు 5,000 మందిపై జరిగిన వెల్‌నెస్ కార్యక్రమం కూడా వైద్య ఖర్చులను తగ్గించలేదు. యోగా మంచిది కాదని దీని అర్థం కాదు. పని గంటలు, పని బరువు, సెలవు, పై అధికారి మాట తీరు అలాగే ఉంచి, తట్టుకోవడం ఉద్యోగి నేర్చుకోవాలనడం తప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్న్‌అవుట్'ను పనికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది, జబ్బుగా కాదు. నీరసం, పని మీద విముఖత, చేయలేనన్న భావన దాని మూడు గుర్తులు. అయితే నిద్ర పట్టక, ఏ పనీ నచ్చక, బతుకు మీద ఆశ సన్నగిల్లే స్థితి వేరు. అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఏ వేళైనా డబ్బు కట్టకుండా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.