నిచ్చెన: మెట్టు మెట్టుకూ మారే లెక్క

స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో, బికోర్ప్ ఊరి దగ్గరి అరాన్యా గుహల్లో వేల ఏళ్ల నాటి ఎర్రటి బొమ్మ ఒకటి ఉంది. తీగలో తాళ్లో పట్టుకుని తేనెపట్టు దాకా ఎగబాకిన మనిషి, చుట్టూ ముసిరిన ఈగలు. నిచ్చెన చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది ఈ బొమ్మతోనే మొదలుపెడతారు. నా చూపు మాత్రం ఆ మనిషి చేతి మీదికి పోతుంది. అందులో బుట్టలాంటిదేదో ఉంది. పట్టుకోవడానికి మిగిలింది ఒక్క చెయ్యే. రెండు కాళ్లూ ఒక చెయ్యీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ నిచ్చెనను వదలకూడదన్నది ఇవాళ్టి భద్రతా నియమాల్లో ముందు చెప్పే మాట. పనిముట్లు నడుముకు కట్టుకోవాలి, లేదంటే పైకెక్కాక తాడుతో లాక్కోవాలి. పెయింటు డబ్బా చేత్తో పట్టుకుని ఎక్కేవాళ్లు మాత్రం ఇప్పటికీ ప్రతి వీధిలో కనిపిస్తారు.

ఇన్ని వేల ఏళ్లలో నిచ్చెన రూపం పెద్దగా మారలేదు. రెండు నిలువు కర్రలు, వాటి మధ్య అడ్డకర్రలు, ఆనించడానికో గోడ. గోడ లేని చోటా నిలబడి, పని అయ్యాక మూలన పెట్టుకునే మడత నిచ్చెనకు అమెరికాలోని డేటన్ ఊరి వడ్రంగి జాన్ బాల్స్‌లీ 1862లో పేటెంటు తీసుకున్నాడు. దీని జాగ్రత్తలు వేరు. కాళ్లు పూర్తిగా విప్పి, మధ్య పట్టీలు బిగుసుకున్నాయో లేదో చూడాలి. అన్నిటికంటే పై మెట్టు నిలబడటానికి కాదు. మడిచి గోడకు ఆనించి ఎక్కడం మరీ తప్పు, ఎందుకంటే దాని పాదాలు విప్పిన కోణానికి తగ్గట్టు చేసినవి.

అసలు చిక్కు గోడకు వాల్చే నిచ్చెనది. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లకు ఆ లెక్క తగిలే ఉంటుంది. మార్కులకు చేసి మర్చిపోయాం. గోడ నునుపు, నిచ్చెన బరువు లేనట్టే అనుకుందాం. 70 కిలోల మనిషి ఎక్కుతున్నాడు. నిచ్చెన పై కొన ఎంత ఎత్తున ఆనిందో అందులో నాలుగో వంతు దూరంలో దాని పాదం ఉంది. అతను సగం దాకా వెళ్లేసరికి పాదాన్ని బయటికి తోసే బలం సుమారు 9 కిలోల బరువుకు సమానం. పై కొసకు చేరితే 17.5 కిలోలు. ఆ తోపుడును ఆపేది నేలకూ పాదానికీ మధ్య ఉన్న ఘర్షణ ఒక్కటే. నేల మీద మనిషి బరువు మొదటి మెట్టు దగ్గరా అంతే, చివరి మెట్టు దగ్గరా అంతే. కాబట్టి దొరికే ఘర్షణ పెరగదు, కావలసింది మాత్రం మెట్టు మెట్టుకూ పెరుగుతూ పోతుంది. రెండు మెట్లెక్కి ఊపి చూసి, గట్టిగానే ఉందనుకుంటే ఆ పరీక్ష చెప్పేది దాదాపు ఏమీ లేదు. తడి టైల్స్ మీద నిచ్చెన జారేది మనిషి పైకి చేరాకే.

పాదం ఇంకా దూరం జరిపి 60 డిగ్రీల కోణంలో పెడితే పై కొస దగ్గర తోపుడు 40 కిలోలు. మరీ నిటారుగా పెడితే మనిషే వెనక్కి పడతాడు. ఈ రెంటి మధ్య కుదిరిన రాజీ 75 డిగ్రీలు, అంటే నాలుగుకు ఒకటి. కోణమాపకం అక్కర్లేదు: పాదాలు నిచ్చెన మొదలుకు తాకించి నిలబడి చేతులు ముందుకు చాపితే, భుజాల ఎత్తున ఉన్న మెట్టు అరచేతికి అందాలి. కింద ఒకరు పట్టుకుంటే మంచిదే, పై కొన కట్టేస్తే ఇంకా మంచిది. డాబా మీదికి దిగాలంటే నిచ్చెన అంచు దాటి మూడడుగులు పైకి ఉండాలి. పక్కకు వంగేటప్పుడు బొడ్డు రెండు నిలువు కర్రల మధ్య నుంచి బయటికి పోకూడదు.

కొన్ని నియమాల కారణం చూడగానే తట్టదు. చెక్క నిచ్చెనకు రంగు వెయ్యకూడదని అమెరికా నిబంధన. రంగు కింద పగుళ్లు దాక్కుంటాయి; వార్నిష్ అయితే లోపలిది కనబడుతుంది. అల్యూమినియం వచ్చాక బరువు తగ్గింది, ఒంటి మనిషి మోసుకుపోగలడు. కానీ అది కరెంటు తీగకు తగిలితే మోసేవాడి ప్రాణం పోతుంది. కరెంటు పనివాళ్లకు ఫైబర్‌గ్లాస్ నిచ్చెనలు అందుకే, అవీ పొడిగా, శుభ్రంగా ఉన్నంతవరకే. మన దేశంలో భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నియమాల్లోనూ నిచ్చెనల మీద ప్రత్యేక నిబంధనలు పెట్టారు. మేస్త్రీల దాకా అవి ఎంతవరకు చేరాయన్నది ఏ సైటుకు వెళ్లినా తెలిసిపోతుంది.

దిగడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1969లో చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ నిచ్చెన చివరి మెట్టు నుంచి ల్యాండర్ కాలి కింది పళ్లెం మీదికి దూకి, వెంటనే మళ్లీ ఎగిరి ఆ మెట్టు ఎక్కి చూసుకున్నాడు. ల్యాండర్ మెత్తగా దిగడంతో దాని కాళ్లు పెద్దగా కుంగలేదు, అందుకే ఆ మెట్టు అంత ఎత్తున ఉండిపోయింది. తిరిగి ఎక్కగలనని తేలాకే ఆయన చంద్రుడి నేల మీద కాలు పెట్టాడు.

ఫ్యాక్టరీ ట్యాంకులకూ చిమ్నీలకూ బిగించిన ఇనుప నిచ్చెనల చుట్టూ గుండ్రటి గూడు ఉంటుంది. వీపు వెనక ఇనుము ఉంటే ఎక్కేవాడికి ధైర్యం. కానీ కాలు జారితే ఆ గూడు పడటాన్ని ఆపదు; మనిషి దాని లోపలే, కమ్ములకు కొట్టుకుంటూ కిందికి వస్తాడు. అమెరికా 2016లో ఈ సంగతి ఒప్పుకుని నిబంధన మార్చింది. 24 అడుగులు దాటిన కొత్త నిచ్చెనలకు గూడు చాలదు. పడకుండా ఆపే ఏర్పాటు ఉండాలి: మామూలుగా నిచ్చెన వెంట పైదాకా ఒక తీగో పట్టాయో, ఒంటికి కట్టుకున్న పట్టీలను దానికి కలుపుతూ మనిషితోపాటు కదిలి, జారితే బిగుసుకునే కొక్కెం. పాత గూళ్లకు మాత్రం 2036 నవంబరు దాకా గడువిచ్చారు.