రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స: ప్రారంభానికి ముందు తెలుసుకోవలసిన అంశాలు

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స పూర్తయి, ఇంటికి వెళ్లవచ్చుననుకుంటున్న సమయంలో "ఇక కరెంటు పెట్టించుకోవాలి" అన్న మాట వినగానే అనేకమంది మహిళలు, వారి కుటుంబసభ్యులు తీవ్ర ఆందోళనకు లోనవుతుంటారు. గ్రామీణ ప్రాంతాలలో రేడియేషన్ చికిత్సకు "కరెంటు పెట్టడం" అన్న పేరు స్థిరపడిపోవడమే ఈ భయానికి ఒక కారణం. వాస్తవానికి ఈ చికిత్సలో శరీరంలోనికి విద్యుత్తును పంపడం జరగదు. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు వాడే కిరణాల వంటివే, అయితే వాటికంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైన కిరణాలను నిర్ణీత భాగంపై, నిర్ణీత మోతాదులో ప్రసరింపజేస్తారు. ఇవి క్యాన్సర్ కణాలలోని జన్యుపదార్థాన్ని దెబ్బతీసి, అవి మళ్లీ విభజన చెందకుండా నిరోధిస్తాయి. ఆరోగ్యవంతమైన కణాలు కూడా కొంత దెబ్బతిన్నప్పటికీ, వాటికి కోలుకునే శక్తి అధికంగా ఉంటుంది. మొత్తం మోతాదును ఒకేసారి ఇవ్వక రోజుకు కొంత చొప్పున విభజించి ఇవ్వడానికి ఇదే కారణం.

చికిత్స ఆవశ్యకత

గడ్డను తొలగించిన తరువాత కూడా కంటికి గాని, స్కానింగ్‌కు గాని కనిపించని క్యాన్సర్ కణాలు రొమ్ములో మిగిలి ఉండే అవకాశం ఉన్నది. రొమ్మును పూర్తిగా తీసివేయకుండా గడ్డను మాత్రమే తొలగించిన 10,801 మంది మహిళల వివరాలను క్రోడీకరించి 2011లో ప్రచురించిన అంతర్జాతీయ విశ్లేషణ ఈ విషయాన్ని స్పష్టం చేసింది. రేడియేషన్ తీసుకోని వారిలో పదేళ్లలో వ్యాధి తిరగబెట్టినవారు 35 శాతం కాగా, తీసుకున్నవారిలో 19.3 శాతం మాత్రమే. పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సైతం 25.2 శాతం నుండి 21.4 శాతానికి తగ్గాయి. రొమ్మును పూర్తిగా తొలగించినవారిలో కూడా గడ్డ పెద్దదిగా ఉన్నప్పుడు, లేదా చంకలోని లింఫు గ్రంథులకు వ్యాధి సోకినప్పుడు ఈ చికిత్స అవసరమవుతుంది. గడ్డ తీసివేశారు కనుక వ్యాధి నయమైందని భావించి రేడియేషన్‌ను మానివేయడం ప్రమాదకరం.

ఎప్పుడు మొదలుపెడతారు

కీమోథెరపీ అవసరం లేనివారికి శస్త్రచికిత్స గాయం మానిన తరువాత, సాధారణంగా కొన్ని వారాలలోనే రేడియేషన్ ప్రారంభిస్తారు. శస్త్రచికిత్స అనంతరం కీమోథెరపీ తీసుకునేవారికి అది ముగిసిన కొద్ది వారాలకు మొదలుపెడతారు. అకారణ జాప్యం తగదు. గర్భవతులు, గర్భం దాల్చే అవకాశం ఉన్నవారు, గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు, గతంలో ఛాతీ భాగంలో రేడియేషన్ తీసుకున్నవారు ఆ విషయాన్ని ముందుగానే వైద్యుల దృష్టికి తీసుకురావాలి.

ముందస్తు ఏర్పాట్లు

ఆసుపత్రికి వెళ్లిన తొలిరోజే చికిత్స మొదలుకాదు. ముందుగా రోగిని ప్రత్యేకమైన బల్లపై పడుకోబెట్టి, చేతిని తలపైకి ఉంచి, సి.టి. స్కాన్ తీస్తారు. చేయి పైకి లేవనిదే ఈ స్కాన్ గాని, చికిత్స గాని సాధ్యం కాదు. కాబట్టి శస్త్రచికిత్స అనంతరం వైద్యులు నేర్పిన భుజం వ్యాయామాలను ఇంటివద్ద క్రమం తప్పక చేయడం ఎంతో ముఖ్యం. స్కాన్ సమయంలో చర్మంపై ఆవగింజంత పచ్చబొట్టు చుక్కలు గాని, సిరా గుర్తులు గాని పెడతారు. ప్రతిరోజూ కిరణాలు సరిగ్గా అదే చోట పడేందుకు ఇవే ఆధారం. సిరా గుర్తులను స్నానంలో రుద్ది చెరిపివేయరాదు.

స్కాన్ ఆధారంగా వైద్యులు, వైద్య భౌతికశాస్త్ర నిపుణులు కలిసి కంప్యూటర్‌పై చికిత్సా ప్రణాళికను రూపొందిస్తారు. గుండెకు, ఊపిరితిత్తులకు కిరణాలు వీలైనంత తక్కువగా తగిలేలా చూడడం ఇందులో కీలకాంశం. ఎడమ రొమ్ముకు చికిత్స తీసుకునేవారిని కొన్ని కేంద్రాలలో శ్వాసను గట్టిగా పీల్చి కొద్ది క్షణాలు నిలపవలసిందిగా కోరతారు. అలా చేసినప్పుడు గుండె ఛాతీ గోడకు దూరంగా జరుగుతుంది.

ఎన్ని రోజులు

గతంలో 50 గ్రే మోతాదును 25 విడతలుగా, వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు ఇచ్చేవారు. బ్రిటన్‌లో జరిగిన స్టార్ట్ పరిశోధనల పదేళ్ల ఫలితాలు 2013లో వెలువడ్డాయి. 40 గ్రే మోతాదును 15 విడతలలో, అనగా మూడు వారాలలో ఇచ్చినా ప్రయోజనం తగ్గదని ఇవి నిరూపించాయి. 26 గ్రే మోతాదును ఒకే వారంలో ఐదు విడతలుగా ఇచ్చే విధానంపై ఫాస్ట్-ఫార్వర్డ్ పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఎవరికి ఏ విధానం తగినదో వ్యాధి దశను బట్టి వైద్యులే నిర్ణయిస్తారు. రోజుకూలీపై జీవించే కుటుంబానికి, దూరప్రాంతం నుండి వచ్చేవారికి ఐదు వారాలకు, మూడు వారాలకు మధ్యగల తేడా చిన్నది కాదు.

చికిత్స గదిలో

కిరణాలు ప్రసరించేది కొద్ది నిమిషాలు మాత్రమే. మిగిలిన సమయమంతా రోగిని సరైన స్థితిలో పడుకోబెట్టడానికే పడుతుంది. నొప్పి గాని, మంట గాని ఆ సమయంలో తెలియదు. గదిలో రోగి ఒంటరిగా ఉన్నప్పటికీ, సిబ్బంది కెమెరా ద్వారా గమనిస్తూ, మైకు ద్వారా మాట్లాడుతూనే ఉంటారు. యంత్రం ఆగిన తరువాత శరీరంలో కిరణాలు మిగలవు. పసిపిల్లలను ఎత్తుకోవడం, కుటుంబసభ్యులతో కలిసి భోజనం చేయడం వలన ఎవరికీ హాని కలుగదు. ఇటువంటి అపోహల కారణంగా రోగిని వేరుగా ఉంచడం అన్యాయం.

దుష్ఫలితాలు – జాగ్రత్తలు

చికిత్స సాగుతున్నకొద్దీ అలసట, చికిత్స జరిగిన భాగంలో చర్మం కందడం, నల్లబడడం, దురద, వాపు కనిపించవచ్చు. ఇవి చికిత్స ముగిసిన కొన్ని వారాలకు చాలావరకు తగ్గుతాయి. రొమ్ముకు ఇచ్చే రేడియేషన్ వలన తలవెంట్రుకలు రాలవు. వదులైన నూలు వస్త్రాలు ధరించాలి, గోరువెచ్చని నీటితో స్నానం చేయాలి, చికిత్స పొందిన చర్మానికి ఎండ తగలనీయరాదు. పసుపు, ఆకుపసరు, నూనె వంటివి వైద్యుల సలహా లేకుండా పూయరాదు. చర్మం చిట్లినా, జ్వరం వచ్చినా, చేయి వాచినా వెంటనే తెలియజేయాలి.

మధ్యలో మానరాదు

పండుగలు, వ్యవసాయపు పనులు, ప్రయాణ ఖర్చుల వంటి కారణాలతో చికిత్సను మధ్యలో ఆపివేస్తే దాని ప్రయోజనం దెబ్బతింటుంది. తప్పనిసరై ఒక రోజు రాలేకపోయినచో ఆ విషయాన్ని ఆసుపత్రికి తెలిపి, ఆ విడతను పూర్తి చేయించుకోవాలి.

ప్రభుత్వ రంగంలో 1955లో ఏర్పడిన హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం సమీపాన అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఈ చికిత్సను అందిస్తున్నాయి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైన ఆరోగ్యశ్రీతో పేద కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స అందుబాటులోకి వచ్చింది. చికిత్సకై రైలులో ప్రయాణించే క్యాన్సర్ రోగులకు స్లీపర్, మూడవ శ్రేణి ఎ.సి. తరగతులలో పూర్తి ఛార్జీ రాయితీ, వెంట వచ్చే ఒకరికి 75 శాతం రాయితీ ఉన్నది. ఇందుకు ఆసుపత్రి జారీ చేసే ధ్రువపత్రం అవసరం.

ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు తమ పరిధిలో శస్త్రచికిత్స జరిగిన మహిళల వివరాలు తెలుసుకుని, వారు రేడియేషన్‌ను సకాలంలో మొదలుపెట్టేలా, చివరి విడత వరకు పూర్తి చేసేలా చూడగలిగితే అనేక ప్రాణాలు నిలుస్తాయి. "కరెంటు" అన్న మాట వెనుక ఉన్న భయాన్ని తొలగించడంలో పత్రికల పాత్ర కూడా ఎంతో విలువైనది.